ఇరవయ్యారు టిక్కుల మడతబండి

ఆ రోజుల్లో అంటూ మొదలుపెట్టాలంటే తలలో నాలుగు తెల్లవెంట్రుకలైనా ఉండాలట. నాకు ఇప్పటికి రెండే వచ్చాయి (అద్దం ముందు నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాను). అయినా ఆ రెండింటి బలంతోనే చెబుతున్నాను. ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ పనినైనా వరస సంఖ్యలు వేసి కాగితం మీద రాసుకుంటే సగం అయిపోయినట్టేనని, పక్కన టిక్కు పెడితే మిగతా సగం కూడా అయిపోయినట్టేనని. మూడేళ్ళు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లమా చదివి నేను సంపాదించిన జ్ఞానాన్నంతా పిండితే తేలేది ఇదే. ఊరికి వెళ్ళేటప్పుడు సంచిలో పెట్టాల్సిన వస్తువులు కూడా రాసుకునేవాణ్ణి. ఆ జాబితాలో చివరి వస్తువు "ఈ జాబితా". టిక్కు పెట్టిన అంశం వైపు మళ్ళీ చూడకపోవడం నా నియమం. మళ్ళీ చూస్తే ఇక టిక్కుకి విలువేముంది? ఈ నియమం మీద నాకున్న గర్వం ఎంతటిదో, అది ఒక ఆదివారం పొద్దున బ్రాడీపేటలో ఒక గేటు ముందు ఎలా మడతపడిందో ఇప్పుడు చెబుతాను.

నరసరావుపేట రోడ్డులో ఒకే యజమానికి రెండు కోల్డ్ స్టోరేజీలు ఉండేవి, నాలుగు కిలోమీటర్ల ఎడంతో. రైతులూ వ్యాపారులూ ధర కోసం దాచుకునే మిరప బస్తాలన్నీ అక్కడ చల్లగా నిద్రపోతుంటాయి. ఆ చలవ పుట్టించే అమ్మోనియా యంత్రాలను చూసుకోవడానికి మనిషి కావాలన్నారు, సొంత బండి తప్పనిసరి అన్నారు. నాకు బండి లేదు. అందుకని ఇంటర్వ్యూకి హెల్మెట్ పట్టుకెళ్ళాను. నవ్వకండి, దీని వెనక చాలా ఆలోచన ఉంది. నా గదిలో ఉండే స్నేహితుడు గ్రూప్స్ (గ్రూప్ టూకి మూడోసారి చదువుతున్నాడు, అసలు పేరు వాళ్ళమ్మకి తప్ప ఎవరికీ గుర్తులేదు) దగ్గర హెల్మెట్ ఒకటి ఉండేది. ఊళ్ళో ఉన్న వాళ్ళ అన్నయ్య బండికి జతగా కొన్నది. ఊరికే చేతిలో పట్టుకెళితే చాలదు. హెల్మెట్ తీసినవాడి జుట్టు ఒక రకంగా అణిగి ఉంటుంది, ఆ అణుగుడు లేకపోతే అబద్ధం అతకదు. కనక ఆటో ఎక్కేటప్పుడే తలకి పెట్టుకుని, గడ్డం కింద బకిల్ కూడా బిగించి, గేటుకి ఇరవై గజాల ఇవతల దిగి నడిచాను.

మేనేజరుగారు భారీ మనిషి. ఆయన మాట్లాడుతుంటే బల్ల మీద గాజుగ్లాసు సన్నగా మోగేది. అమ్మోనియా లీకైతే ఏం చేస్తావని అడిగారు. ఆరు మెట్లుగా చెప్పాను. నాలుగో మెట్టు దగ్గర ఆపి, "సరే సరే, బండుందా అబ్బాయ్? ఇక్కడొక కాలు, అక్కడొక కాలు వెయ్యాల. బండి లేనోడితో నాకు పనిలేదు" అన్నారు. ఒళ్ళో ఉన్న హెల్మెట్‌ని కొంచెం పైకి జరిపాను. "ఉందండి." ఆ మాట నాకంటే ముందు నా నోరే అనేసింది. "అయితే సోమవారం ఎనిమిదింటికల్లా బండేసుకొని వచ్చెయ్. ఎనిమిదీ ఐదుకొస్తే ఇంకోణ్ణి పిలుచుకుంటా" అన్నారాయన. అది బుధవారం. డిప్లమా చేతికొచ్చి పద్నాలుగు నెలలైంది. పద్నాలుగు నెలల్లో నాకు "వచ్చెయ్" అన్న మొదటి మనిషి ఆయనే.

మోటార్‌సైకిల్ ఎందుకు కొనలేదని మీరు అడగొచ్చు. లైసెన్సు లేదు. పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో బండి నడపాలి కదా, అందులో రెండుసార్లు తప్పాను. మొదటిసారి కాలు కింద పెట్టాను. రెండోసారి ముందురోజే మలుపు వ్యాసార్థం లెక్కగట్టి, ఎక్కడెక్కడ తిప్పాలో నేల మీద గుర్తులు వెతుక్కుంటూ అంత మెల్లగా నడిపానంటే, ఇన్‌స్పెక్టరుగారు గొడుగు ముడిచి, "బాబూ, ఎనిమిది వెయ్యమన్నాను. అందులో కాపరం పెట్టమన్లేదు" అన్నారు. అందువల్ల నాకు మిగిలిన దారి ఒక్కటే. లైసెన్సు అక్కర్లేని, వేగం తక్కువ కరెంటు సైకిలు. గ్రూప్సే ఫోన్‌లో వెతికి పట్టాడు. మడతపెట్టే రకం, చిన్న చక్రాలు, సగానికి సగం ధర. "మడతపెట్టేది మంచంరా, బండి కాదు" అని వాడే ఒక మాట కూడా అన్నాడు. నేను పట్టించుకోలేదు.

అమ్మేవాడు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు వాళ్ళబ్బాయి. గోడౌను చీకట్లో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యలేదు. యార్డులో బస్తాల వరసల మధ్య తిరగడానికి కొన్నాడట. హమాలీలు చూసి ఒకటే నవ్వులు. దాంతో గోడౌన్లో ఒక మూలకి నెట్టేస్తే, దాని మీద సీజనంతా బస్తాలు పడ్డాయి. "ఒక్కసారి తుడిచావంటే పెళ్ళికొడుకులా ఉంటుంది బాస్" అన్నాడు. బండి ఎర్రరంగుది అనుకుని కొన్నాను. గదికి తెచ్చి తడిగుడ్డ పెడితే తెల్లరంగుది అని తెలిసింది.

ఆ సాయంత్రమే జాబితా రాశాను. ఇరవయ్యారు అంశాలు. ఒకటి, బ్యాటరీ నిండా చార్జింగ్. రెండు, టైర్ల గాలి. ఐదు, చువ్వల లెక్క. తొమ్మిది, మడత దగ్గర లాకు, దానికి అడ్డుగా ఉండే సేఫ్టీ పిన్ను. ఇరవయ్యారు, గంట (శబ్దం, మోతాదు). ఈ బండిలో గమ్మత్తు ఏమిటంటే బ్యాటరీ పైకి కనిపించదు. నడిమి గొట్టం లోపల పడుకుని ఉంటుంది. లాకు తీసి, బండిని సగానికి మడిచి, ఆ గొట్టం నోట్లోంచి బ్యాటరీని బయటికి లాగాలి. లాగాను. బ్యాటరీతో పాటు ఒక సీజన్ మిరప దుమ్మూ, గింజలూ, రెండు తొడిమలూ బయటికొచ్చాయి. నేను పదకొండు తుమ్ములు తుమ్మాను. గ్రూప్స్ లెక్క చెప్పే స్థితిలో లేడు.

గుడ్డ గొట్టంలోకి పోదు కాబట్టి గాలితో ఊదాలని శాస్త్రీయంగా నిర్ణయించాను. శుక్రవారం తెల్లారగానే సైకిల్ పంపు గొట్టం ఒక వైపు పెట్టి ఒకటే కొట్టుడు. ఆ లెక్కలో రెండో వైపు ఏముందో చూసుకోలేదు. రెండో వైపు ఉన్నది గ్రూప్స్. వాడి పైన ఫ్యాను, ఐదో నంబరు మీద. వాడు పుస్తకం పట్టుకుని మెట్లు దిగుతూ పెట్టిన కేకని నేనిక్కడ రాయలేను. కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలు మామ్మగారు దగ్గుతూ వాకిట్లోకి వచ్చారు.

"ఎవరబ్బాయ్ అది, ఇంత పొద్దున్నే మిరగాయలు మాడబెట్టింది?"

"మాడబెట్టలేదు మామ్మగారూ, బండి శుభ్రం చేస్తున్నా" అన్నాను పైనుంచి.

"బండిలోంచి మిరగాయ ఘాటెందుకొస్తదయ్యా?"

చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించారు. మా వైపు దిష్టి తీసి మిరపకాయలు నిప్పులో వేస్తారు కదా, ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు, వస్తే లేనట్టు. "పోన్లే, ఇంత ఘాటొచ్చిందంటే దానికి దిష్టి లేనట్టే. మంచి బండే కొన్నావు" అని లోపలికి వెళ్ళిపోయారు. నా జాబితాలో ఇలాంటి పరీక్ష లేదు. ఉంటే టిక్కు పెట్టేవాణ్ణి.

శనివారం సాయంత్రానికి ఇరవయ్యారు టిక్కులూ పడ్డాయి. ఆ కాగితం చూస్తే నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ చిలకలూరిపేట అవతల మా ఊళ్ళో బడి టీచరు. ఉద్యోగం వచ్చిందన్న సంగతి అప్పటికే చెప్పాను, బండి సంగతి అప్పుడే చెబుతున్నాను.

"బండి ఉండాలన్నారా వాళ్ళు?"

"ఆ. ఉందని చెప్పా."

"ముందు కొన్నావా, ముందు చెప్పావా?" ముప్పై మంది పిల్లల్లో కాపీ కొట్టినవాణ్ణి పట్టే గొంతు అది.

"అంటే... దాదాపు ఒకేసారి, అమ్మా."

మార్కులేమీ వెయ్యకుండా, "రేపు గుడికెళ్ళాక అయ్యగారితో ప్రార్థన చేయించు. బండికీ, నీకూ. చేయించకుండా మాత్రం దాన్ని ఎక్కమాక" అంది. మాకు కొత్త వస్తువేది కొన్నా, ఫ్యాను దగ్గర్నుంచి గేదె దాకా, పాస్టరుగారు చెయ్యిపెట్టి ప్రార్థన చేశాకే వాడుక. ఆయన్ని అయ్యగారు అంటాం, చర్చిని గుడి అంటాం. ఇందులో నాకేమీ ఇబ్బంది కనిపించలేదు. గుడికి ఆటోలో తీసుకెళితే సరి, మడతబండి ఉన్నదే అందుకు.

ఇబ్బంది ఆదివారం పొద్దున గేటు దగ్గర నిలబడి ఉంది, చేతిలో రెండు నిమ్మకాయలతో. "నిమ్మకాయలు తొక్కించకుండా కొత్త బండి నా గేటు దాటడానికి వీల్లేదబ్బాయ్" అన్నారు మామ్మగారు. "మీ ప్రార్థన మీది, నా గేటు నాది."

ఇక్కడ కాస్త ఆగి పరిస్థితిని చూడండి. ప్రార్థన కాకుండా బండి ఎక్కకూడదు, ఇది అమ్మ ఆజ్ఞ. నిమ్మకాయలు తొక్కించకుండా గేటు దాటకూడదు, ఇది మామ్మగారి ఆజ్ఞ. తొక్కించాలంటే ఎక్కాలి. ఎక్కాలంటే ప్రార్థన కావాలి. ప్రార్థన కావాలంటే గేటు దాటాలి. నేను జేబులోంచి కాగితం తీసి బాణం గుర్తులు వేస్తుండగా గ్రూప్స్ అరుగు మీద నుంచి అరిచాడు. "ఒరేయ్ ఇంజినీరూ, ఎక్కకుండా నెట్టుకుంటా తొక్కించరా! నిమ్మకాయకేం తెలుస్తది పైన ఎవడున్నాడో!"

ఒప్పుకోక తప్పదు, అది మంచి సలహా. బండి విప్పి నిలబెట్టాను. మామ్మగారు హ్యాండిలుకి బొట్టు పెట్టారు, చక్రాలకి పెట్టారు, తర్వాత మడత దగ్గర ఆగారు. "ఇదేంటి, దీనికి నడుముందే! నడుముకి పెట్టకపోతే ఎట్టా? తియ్యి" అన్నారు. సేఫ్టీ పిన్ను తీశాను, లాకు తెరిచాను. ఆవిడ లోపల శ్రద్ధగా పసుపు, కుంకుమ పెట్టారు. నేను గొట్టాన్ని మళ్ళీ కలిపాను. లాకు? తొమ్మిదో అంశం. శనివారమే టిక్కు పడింది. దాని వైపు మళ్ళీ చూడను కదా నేను.

నిమ్మకాయలు పెట్టారు. మీరు కార్ల కిందా లారీల కిందా నిమ్మకాయలు చూసుంటారు, పటుక్కున చితికి పోతాయి. నా బండి చక్రానికి అది నిమ్మకాయ కాదు, కొండ. నెట్టాను, ఎక్కలేదు. ఇంకొంచెం గట్టిగా నెట్టాను, ఎక్కలేదు. "స్విచ్చి వేసుకో, కొంచెం కరెంటు ఇయ్యి" అన్నాడు గ్రూప్స్. ఇచ్చాను. కొంచెం అనేది ఆ బండికి తెలియని మాట. ఒక్క ఉరుకు ఉరికింది. ముందు చక్రం కింది నిమ్మకాయ చితకలేదు, తూటాలా లేచి అరుగు మీద ఉన్న గ్రూప్స్ మోకాలికి తగిలింది. బండి గేటు దాకా వెళ్ళి, నన్ను వెనక ఈడ్చుకుంటూ, అక్కడ ముందు చక్రం గేటుకి తగలగానే నడుం దగ్గర తెరుచుకుని, ఎంతో మర్యాదగా మామ్మగారి వైపు సగానికి వంగి, కుడిపక్కకి పడుకుంది. గొట్టంలో మిగిలిన ఆఖరి దుమ్మంతా అప్పుడే బయటికొచ్చింది. కాసేపు ఆ వాకిట్లో ముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం.

అందరికంటే ముందు తేరుకున్నది మామ్మగారే. "ఇంకో నిమ్మకాయ చితికిందిలే, వెనకది. చాలు, పో" అన్నారు.

లేపి, లాకు వేసి, పిన్ను పెట్టి స్విచ్చి వేశాను. హ్యాండిలు మీది తెరలో లైటు వెలిగింది. చక్రం తిరగలేదు. కరెంటు ఇచ్చే రబ్బరు పిడిని (మోటార్‌సైకిల్ యాక్సిలరేటరు లాంటిది) ఎంత తిప్పినా చక్రం కదల్లేదు. ఆదివారం, కొట్లన్నీ మూసి ఉంటాయి. రేపు ఎనిమిదింటికి బండితో రావాలి, లేకపోతే ఇంకోణ్ణి పిలుస్తారు. జాబితా తీసి మొదటినుంచి పరీక్షలు మొదలుపెట్టాను. బ్యాటరీ బాగుంది. తీగలు బాగున్నాయి. మోటారు చేత్తో తిప్పితే తిరుగుతోంది. ప్రతి పరీక్షకీ స్విచ్చి వెయ్యడం, పిడి తిప్పడం, ఆపడం, మళ్ళీ వెయ్యడం. ఆరాధనకి గంట కొట్టే వేళైంది, బండిని మడిచి ఆటోలో వేసుకుని గుడికెళ్ళాను. ఆరోజు ప్రసంగం దేని మీద చెప్పారో ఈనాటికీ తెలియదు. కళ్ళు మూసుకుంటే కంట్రోలర్ వైరింగ్ కనిపించింది.

ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో వేపచెట్టు నీడన బండిని స్టాండు మీద నిలబెట్టాను. వెనక చక్రం గాల్లో ఉంది. పదిమంది దాకా చుట్టూ చేరారు, అందులో సగం మందికి ఇది సైకిలా బండా అన్న అనుమానం. అయ్యగారు పెద్దాయన, ఇన్నేళ్ళూ పాత మోపెడ్ మీద చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, హ్యాండిలు మీద రెండు చేతులూ ఉంచి కళ్ళు మూసుకున్నారు. అందరూ మూసుకున్నారు. నేను తప్ప. నేను వెనక నుంచి చెయ్యి చాపి స్విచ్చి వేసి, రబ్బరు పిడి పట్టుకుని తిప్పి ఉంచాను. ప్రార్థన జరుగుతున్నంతసేపు ఇంకొక్క పరీక్ష చెయ్యొచ్చని నా ఆలోచన. తప్పే, ఒప్పుకుంటున్నాను.

"పరలోకమందున్న మా తండ్రీ, ఈ బిడ్డకి నీవు దయచేసిన ఈ వాహనాన్ని... హాచ్... ఈ వాహనాన్ని నీ చేతుల్లో పెడుతున్నాం. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ... హాచ్... కాపాడుము. దీనిని నడిపే ఈ బిడ్డ నోటి మాటను కూడా..." అమ్మ ముందే ఫోన్ చేసి చెప్పిందని అర్థమై నేను తల దించుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక చక్రం గిర్రున తిరగడం మొదలెట్టింది. చువ్వల్లో ఇరుక్కున్న ఒక మిరప తొడిమ టకటకమని కొట్టుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కళ్ళు తెరిచి ఒక్కసారిగా "స్తోత్రం! స్తోత్రం!" అన్నారు. రబ్బరు పిడి వదలాలన్న సంగతి నాకు తట్టలేదు. చక్రం తిరుగుతూనే ఉంది, స్తోత్రాలు పెరుగుతూనే ఉన్నాయి. అయ్యగారు మాత్రం కళ్ళు తెరవకుండా, గొంతు పెంచకుండా ఆమేన్ దాకా నడిపించి ముగించారు.

జనం తగ్గాక నన్ను పక్కకి పిలిచారు. "నాయనా, బ్రేకు పిడి వంగింది. వంగినప్పుడు పూర్తిగా వెనక్కి రాదు. నా మోపెడ్‌కి ఇదే జబ్బు, ఎప్పుడూ బ్రేకు పట్టేసే ఉంటుంది. చేతికి తగిలింది, అలవాటుగా ముందుకి తోశాను."

నాకు అప్పుడు వెలిగింది. ఇలాంటి బండ్లలో బ్రేకు నొక్కి ఉన్నంతసేపు మోటారుకి కరెంటు ఆగిపోతుంది. పడ్డప్పుడు పిడి వంగి, చక్రాన్ని పట్టకపోయినా బ్రేకు నొక్కే ఉందని బండి అనుకుంటోంది. ఇరవయ్యారు అంశాల్లో బ్రేకు పిడి ఆరోది. టిక్కు పడి ఉంది.

"మరి అందరూ అద్భుతం అనుకుంటున్నారు, అయ్యగారూ" అన్నాను.

"నేను బ్రేకు పిడి తోశాను. ప్రార్థనలో కళ్ళు తెరిచి స్విచ్చి వేసింది నువ్వు. ఇద్దరం ఊరుకుందాం" అని ఆయన ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయారు.

సోమవారం ఏడింటికి బయల్దేరాను. మామ్మగారు గేటు తీసి పట్టుకున్నారు. గ్రూప్స్ మోకాలికి జండూబామ్ రాసుకుంటూ, "మడతపడితే ఫోన్ చెయ్, వచ్చి ఉతికి ఆరేస్తా" అన్నాడు. హెల్మెట్ పెట్టుకున్నాను (ఈసారి నిజంగానే బండికోసం). బండి గాల్లో తేలినట్టు వెళ్ళింది. మిరప లారీలు వరసగా ఎదురొస్తుంటే, వాటి పక్కన నేనూ ఒక వాహనదారుణ్ణే అని ఛాతీ పొంగింది. ఆరు కిలోమీటర్ల దాకా పొంగింది. ఏడో కిలోమీటరు రాయి దగ్గర బండి ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.

ఒకటో అంశం, బ్యాటరీ నిండా చార్జింగ్. శుక్రవారమే టిక్కు. శనివారం తిప్పి చూడటాలు, ఆదివారం పరీక్షలు, స్తోత్రాల మధ్య గిర్రున తిరిగిన చక్రం, అన్నీ కలిసి దాన్ని తాగేశాయి. నేను మళ్ళీ చూడలేదు. సైకిల్లా తొక్కాను. ఆ చిన్న చక్రాలతో కాళ్ళు మిక్సీలా తిరుగుతున్నాయి గానీ రోడ్డు పక్కన నడిచి వెళ్తున్న ఒక పెద్దాయన నన్ను దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. టైము ఏడూ నలభై. ఇంకా మూడు కిలోమీటర్లు. చేసేదేముంది, బండి మడిచాను, ఆటో ఆపాను, ఒళ్ళో బండి పెట్టుకుని కూర్చున్నాను. చేతులు రెండూ దానికే సరిపోయాయి. హెల్మెట్ తియ్యాలన్న ధ్యాసే రాలేదు.

ఎనిమిదికి నాలుగు నిమిషాల ముందు మేనేజరుగారి గదిలో నిలబడ్డాను. తల మీద హెల్మెట్, చంకలో బండి, చెమట, కుంకుమ మరకలు. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు.

"బండేదబ్బాయ్?"

"ఇదేనండి." బల్ల మీద పెట్టాను. ఎక్కడో లోపల మిగిలిన చిటికెడు దుమ్ము లేచింది. ఆయన భవనం అదిరేలా ఒక్క తుమ్ము తుమ్మారు. గాజుగ్లాసు బల్ల అంచుదాకా జరిగింది. నా పద్నాలుగు నెలలు మళ్ళీ పదిహేనో నెలలోకి వెళ్ళిపోతున్నట్టు కనిపించింది. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని, ముక్కు ఎగబీల్చి, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు ఉండిపోయారు.

"తేజా" అన్నారు చివరికి. "పోయినేడు సరుకు. తేమ తగిలింది. రంగుపోయిన తాలుకాయ కూడా కలిసింది. ఇది యార్డులో నల్లకళ్ళద్దాల వాడి గోడౌనుది కదూ?"

తుమ్ముతో మిరప రకం, వయసు, చిరునామా చెప్పే మనిషిని అంతకుముందు చూడలేదు. అలాంటి ముక్కు ముందు అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది? పైగా ముందురోజు ప్రార్థన కూడా చెవిలో మోగుతోంది.

"ఇంటర్వ్యూ రోజున నాకు బండి లేదండి. ఉందని అబద్ధం చెప్పాను. ఇది తర్వాత కొన్నాను. ఇవాళ కూడా మధ్యలో ఆగిపోతే ఆటోలో వచ్చాను."

"తెలుసు" అన్నారాయన గ్లాసు వెనక్కి జరుపుతూ. "ఈ కిటికీలోంచి రోడ్డు కనపడద్ది. ఆ రోజు కూడా హెల్మెట్ పెట్టుకొని, బకిల్ బిగించుకొనే ఆటో దిగావు. నా సర్వీసులో అట్టాంటోణ్ణి చూళ్ళేదు."

"మరి ఉద్యోగం ఎందుకిచ్చారండి?"

"బండిదేముందయ్యా, ఇయాళ కాకపోతే రేపొస్తది. ఆటోలో కూర్చొని కూడా బకిల్ పెట్టుకునే మనిషి దొరకొద్దూ? అమ్మోనియా కాడ పెట్టాల్సింది అంత జాగ్రత్తపరుణ్ణేగా. అబద్ధం సంగతంటావా, అదెప్పుడు బయటపెడతావా అని చూస్తన్నా. మొదటి రోజే పెట్టావు, పో."

అది జాగ్రత్త కాదు, జుట్టు అణగడం కోసమని చెప్పడానికి నోరు తెరిచాను. మళ్ళీ మూశాను. రోజుకి ఒక నిజం చాలనిపించింది.

యంత్రాల గది చూపిస్తూ ఆయన ఒకే ఒక్క పాఠం చెప్పారు. గోడకి వేలాడే పుస్తకంలో ప్రతి వాల్వు పేరు ఎదురుగా రోజుకి మూడు గళ్ళున్నాయి. "పొద్దున టిక్కు పెట్టావని మధ్యాన్నం వదిలెయ్యమాక. టిక్కు పడిందే ముందు చూడు. అందరూ వదిలేసేది దాన్నే" అన్నారు. బ్యాటరీ, లాకు, బ్రేకు పిడి, మూడూ ఒకేసారి గుర్తొచ్చి నాకు చెవులు వేడెక్కాయి.

ఇప్పుడు ఆ గదికి నేనే పెద్దని. ఎనిమిది అంకె మూడోసారికి వచ్చింది, మోటార్‌సైకిల్ కొన్నాను. మడతబండి మంచం కింద ఉంది. ఎప్పుడైనా తీసి మడత విప్పితే ఇంకా ఒక తుమ్ము ఇస్తుంది, మునుపటంత గట్టిది కాదు. ఆ ఇరవయ్యారు అంశాల కాగితం కూడా దాచుకున్నాను. దాని అడుగున ఇరవయ్యేడోది తర్వాత రాశాను: "మేనేజరుగారికి జుట్టు సంగతి చెప్పాలి." ఆయన రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయినా దానికి టిక్కు పడలేదు. వెళ్ళేరోజు చెబుదామనే పక్కన కూర్చున్నాను. ఆయన నా తర్వాత వచ్చిన వాళ్ళందరికీ నన్ను చూపించి, "ఆటోలో హెల్మెట్ పెట్టుకొని వచ్చినోడు ఈడే" అని ఎంత గర్వంగా చెబుతున్నారంటే, ఆ గర్వాన్ని మడతపెట్టడానికి నాకు చేతులు రాలేదు.

అప్పుడప్పుడూ బండి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ఆటో ఎక్కుతాను. ఎక్కి కూర్చోగానే నా కుడి చెయ్యి దానంతట అదే గడ్డం కిందికి వెళ్ళి, అక్కడ లేని బకిల్ కోసం కాసేపు వెతుకుతుంది.